ఇన్వర్డ్ నంబరు అడగండి

(విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన పీజీ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి, ముందు మూడు వరుసలూ ఖాళీ. ఏ ఏడాదైనా ఈ మూడు వరుసలూ ఇంతే.

మీకు అడ్మిషన్ రోజున ఒక హ్యాండ్‌బుక్ ఇచ్చారు. దాని చివరి పేజీల్లో కమిటీల పేర్లుంటాయి: ర్యాగింగ్ నిరోధక కమిటీ, అంతర్గత ఫిర్యాదుల కమిటీ, విద్యార్థి సమస్యల పరిష్కార కమిటీ, ఎస్సీ ఎస్టీ సెల్, సమాన అవకాశాల విభాగం. అవి చదివితే పేర్లు తెలుస్తాయి. కానీ అవసరం పడ్డ రోజున ఏ గది తలుపు తట్టాలి, ఏ కాగితం ఇవ్వాలి, ఎన్ని రోజుల్లోపు ఇవ్వాలి అన్నది ఆ పేజీల్లో సాధారణంగా ఉండదు. నేను ఇవాళ చెప్పేది ఆ మూడింటి గురించే.

ముందు కాగితం సంగతి. అర్జీ రాయడం రాకపోతే మిగతా చట్టాలన్నీ తెలిసీ లాభం లేదు. ఏ4 తెల్లకాగితం. పైన ఎవరికి రాస్తున్నారో వాళ్ల హోదా రాయండి; పేరు రాస్తే ఆయన బదిలీ అయినప్పుడు కాగితం కూడా దిక్కులేనిదవుతుంది. విషయం ఒక్క వాక్యంలో. తర్వాత మీ పేరు, హాల్ టికెట్ నంబరు, విభాగం. ఆపైన జరిగింది జరిగిన వరుసలో, తేదీలతో. చివర మీకేం కావాలో ఒక్క వాక్యంలో. చాలామంది ఈ చివరి వాక్యమే మర్చిపోతారు. 'తగిన చర్య తీసుకోగలరు' అని రాస్తే దేన్నయినా తగిన చర్య అనుకోవచ్చు, ఫైలు మూసేయడంతో సహా. 'ఫలానా సెమిస్టరు మెమో నాకు ఇప్పించగలరు' అని రాయండి.

ఈ అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి, వచ్చిన కాగితాలను నమోదు చేసుకునే ఇన్వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్వర్డ్ నంబరు వేయించుకోండి. 'అక్కడ పెట్టి వెళ్లమ్మా, సార్ వచ్చాక చూస్తారు' అంటారు. పెట్టి వెళ్లొద్దు. నంబరు లేని కాగితం ఆఫీసు లెక్కలో పుట్టనే లేదు. ముద్ర వేయనంటే గొడవ పడక్కర్లేదు, అదే అర్జీని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఆఫీసు ఈమెయిలుకు కూడా పంపండి. హెచ్‌ఓడీగారికి వాట్సాప్‌లో పెట్టిన మెసేజీ, దానికి ఆయన పెట్టిన బొటనవేలు గుర్తు, ఈ రెండూ అర్జీ కిందికి రావు. (నవ్వులు)

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 2005 నాటిది. పది రూపాయల ఫీజు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు అదీ లేదు. 'నా అర్జీ ఎందుకు పట్టించుకోలేదు' అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది సమాచారం కాదు, నిలదీత. 'ఫలానా తేదీన, ఫలానా ఇన్వర్డ్ నంబరుతో ఇచ్చిన అర్జీ మీద రోజువారీగా తీసుకున్న చర్య, ఇప్పుడు ఆ ఫైలు ఏ అధికారి దగ్గరుంది, నోట్ ఫైలు నకలు' అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఇన్వర్డ్ నంబరు మీద నేను ఇంత పట్టుపట్టడానికి ఇదొక కారణం. అది లేకపోతే 'అలాంటి అర్జీ అందలేదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఇక ఇక్కడ సగం మందికి పైగా ఎదురుచూసే సంగతి, స్కాలర్‌షిప్పు. దరఖాస్తు పెట్టే సైటు తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి. ఆర్‌టీఎఫ్ అంటే కాలేజీ ఫీజు, ఎంటీఎఫ్ అంటే మీ హాస్టలు, మెస్సు ఖర్చు కోసం ఇచ్చేది. ఇవి ఆగేది పెద్ద కారణాలకు కాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క ఇనిషియల్ ఉంటుంది. కంప్యూటరుకు వాళ్లిద్దరూ వేరువేరు మనుషులు. పదో తరగతి మెమో మారదు కాబట్టి ఆధార్‌నే దానికి తగ్గట్టు మార్పించుకోవాలి. అది దరఖాస్తు చివరి వారంలో చేసే పని కాదు, ఇప్పుడే చూసుకోండి. రెండోది, మొదటి ఏడాది దరఖాస్తు పెట్టాం కదా అని రెండో ఏడాది రెన్యువల్ వదిలేయడం. మూడోది, ఆన్‌లైన్‌లో సబ్మిట్ అయిందని చూసి ఊరుకోవడం. ప్రింటు తీసి, కుల, ఆదాయ ధ్రువపత్రాల జిరాక్సులతో కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వాలి, వాళ్లు పరిశీలించి పైకి పంపాలి. మీరు కాగితాలు ఇవ్వకపోతే అది కాలేజీ లాగిన్‌లోనే నిద్రపోతుంది. నాలుగోది హాజరు, 75 శాతం.

అయిదోది బ్యాంకు ఖాతా. దీని మీద కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇందులో తప్పు ఎక్కడుందో చాలామందికి అర్థం కాదు. 'బ్యాంకులో ఆధార్ ఇచ్చాను సార్' అంటారు. ఇచ్చింది నిజమే. ఖాతాదారు ఎవరో గుర్తించడానికి ఆధార్ ఇవ్వడం ఒకటి. ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాకు వెళ్లాలో చెప్పే ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) పట్టికలో మీ ఆధార్ ఎదురుగా ఆ బ్యాంకు పేరు ఎక్కడం ఇంకొకటి. ఈ రెండోదాన్నే సీడింగ్ అంటాం. ఆ పట్టికలో ఒక ఆధార్‌కు ఒకసారికి ఒక్క బ్యాంకే ఉంటుంది. మీరు మధ్యలో ఎక్కడో ఫోన్లో సున్నా బ్యాలెన్సు ఖాతా తెరిచి, చదవకుండా అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టి ఉంటే, ఆ సీడింగ్ దానికి మారిపోయి ఉండవచ్చు. డబ్బు అక్కడ పడుతుంది, మీరు పాత పాస్‌బుక్కు పట్టుకుని తిరుగుతుంటారు. ఆధార్ వారి సైటులో మీ ఆధార్ నంబరుతో, ఓటీపీతో లాగిన్ అయితే 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' అని ఉంటుంది. అక్కడ ఏ బ్యాంకు పేరుందో, అది యాక్టివ్‌గా ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల పని. తేడా ఉంటే బ్యాంకుకు వెళ్లి 'ఆధార్ సీడింగ్ కాన్సెంట్ ఫారం' అని పేరుపెట్టి అడగండి. 'ఆధార్ లింక్' అంటే మళ్లీ ఆ మొదటి పనే చేసి పంపిస్తారు.

ఆర్‌టీఎఫ్ బకాయిలున్నాయని చదువు పూర్తయినా సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. బకాయి పడింది ప్రభుత్వం, ఆగేది మీ టీసీ. ఒరిజినల్ సర్టిఫికెట్లను అడ్మిషన్ సమయంలో సరిచూసి తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లోనే స్పష్టంగా చెప్పింది. అదే ఉత్తర్వులో ఫీజు వాపసు లెక్క కూడా ఉంది. అడ్మిషన్లకు ప్రకటించిన ఆఖరి తేదీకి 15 రోజులు గానీ అంతకన్నా ముందు గానీ సీటు వదులుకుంటే పూర్తి ఫీజు. అందులో పట్టుకోగలిగింది 5 శాతం, అదీ అయిదు వేలు దాటకుండా. ఆఖరి తేదీకి 15 రోజులకన్నా తక్కువ వ్యవధి ఉన్నప్పుడు వదులుకుంటే 90 శాతం. తేదీ దాటిన 15 రోజుల్లోపు 80, 15 దాటి 30 రోజుల్లోపు 50, నెల దాటితే సున్నా. డిపాజిట్టు మాత్రం ఎప్పుడైనా మొత్తం రావాలి. కొన్ని విద్యా సంవత్సరాలకు యూజీసీ ఇంతకన్నా మెరుగైన గడువులు విడిగా ఇచ్చింది, కాబట్టి మీ ఏడాది సర్క్యులర్ చూసుకోండి. లెక్క మీరు రాతపూర్వకంగా ఇచ్చిన తేదీ నుంచి. ఫోన్ చేసి 'నేను రావట్లేదు' అన్న తేదీ నుంచి కాదు.

సర్టిఫికెట్లు, ఫీజులు, ఫలితాల ఆలస్యం, స్కాలర్‌షిప్పు ఆలస్యం, రిజర్వేషన్ పాటించకపోవడం, హాస్టల్ సౌకర్యాలు వీటన్నిటికీ వెళ్లాల్సింది విద్యార్థి సమస్యల పరిష్కార కమిటీకి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది మీకు నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు. ఆ స్థానంలో ఉండేది విశ్వవిద్యాలయంతో సంబంధం లేని విశ్రాంత వీసీ, ఆచార్యుడు లేదా మాజీ జిల్లా జడ్జి. ఆయనకు 30 రోజులు. ఇక్కడొక చిక్కుంది. 'నాకు మార్కులు తక్కువేశారు, మళ్లీ దిద్దించండి' అని అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్తే తీసుకోరు. ఫలితాన్ని మార్చేంత అక్రమం జరిగిందనో, వివక్ష జరిగిందనో నిర్దిష్టంగా చూపించాలి. మార్కుల అనుమానానికి దారి రీవాల్యుయేషన్ నోటిఫికేషను, దాని చివరి తేదీ. దిద్దిన మీ జవాబుపత్రాన్ని సమాచార హక్కు కింద చూసుకోవచ్చని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు పేపరు చూసి, తర్వాత పోట్లాడండి.

ర్యాగింగ్. దీని గురించి ప్రతి ఏడాదీ వింటున్నారు కాబట్టి, వినని రెండు ముక్కలే చెబుతాను. మొదటిది, అది కొట్టడమూ తిట్టడమూ మాత్రమే కాదు. 2009 నిబంధనల ప్రకారం జూనియర్ల చేత రికార్డులు, అసైన్‌మెంట్లు రాయించుకోవడం ర్యాగింగే. బలవంతంగా పార్టీకి డబ్బు వసూలు చేయడం ర్యాగింగే. 2016 సవరణలో కులం, మతం, రూపం, ఆర్థిక స్థితితో పాటు ప్రాంతాన్ని, భాషను కూడా చేర్చారు. అంటే శ్రీకాకుళం పిల్లవాడి యాసనో ఆదిలాబాద్ అమ్మాయి మాటనో పట్టుకుని రోజూ పదిమందిలో ఆటపట్టించడం కూడా దాని కిందికే వస్తుంది. మనకు యాసల మీద జోకులు మహా ఇష్టం కదా, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నా. రెండోది, మన దగ్గర 1997 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. అవమానించినందుకు ఆరు నెలల దాకా జైలు గానీ వెయ్యి దాకా జరిమానా గానీ రెండూ గానీ. అక్కణ్నుంచి మెట్లు మెట్లుగా పెరిగి, ప్రాణం పోయిన కేసులో యావజ్జీవం దాకా వెళ్తుంది. ఫిర్యాదు అందీ పట్టించుకోని కాలేజీ అధిపతిని కూడా నేరానికి తోడ్పడినట్టే భావిస్తుందా చట్టం. ఈ ఒక్క వాక్యం మీ అర్జీలో గుర్తుచేస్తే ఫైలు కాస్త వేగంగా కదులుతుంది. జాతీయ హెల్ప్‌లైన్ 1800 180 5522, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫోన్ చేశాక ఫిర్యాదు నంబరు తీసుకోవడం మర్చిపోవద్దు. నంబరు అంటే అక్కడా నంబరే.

ఇప్పుడు అంతర్గత ఫిర్యాదుల కమిటీ. మనవాళ్లు ఐసీసీ అంటారు. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం, యూజీసీ 2015 నిబంధనలు కలిసి దీన్ని నిలబెట్టాయి. ఇందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె మూడు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. పలుమార్లు జరిగితే చివరి సంఘటన నుంచి మూడు నెలలు. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఫిర్యాదులు ఎక్కువగా చెడిపోయేది ఈ మూడు నెలల్లోనే. ఎలాగంటే, అమ్మాయి నేరుగా కమిటీకి వెళ్లకుండా విభాగంలో ఒక పెద్దాయనకు నోటితో చెబుతుంది. ఆయన మంచివాడే కావచ్చు. ఇద్దర్నీ గదిలో కూర్చోబెట్టి ఒక 'సారీ' చెప్పించి పంపేస్తాడు. రెండు నెలలకు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు కమిటీకి వస్తే కాగితం లేదు, తేదీ లేదు, 'అప్పుడే రాజీ అయ్యారు కదా' అన్న మాట మాత్రం మిగిలి ఉంటుంది. రాజీ అనేది ఉంది. కానీ దాన్ని అడగాల్సింది బాధితురాలు, జరగాల్సింది కమిటీ ముందు.

కమిటీలో ఎవరుండాలో కూడా తెలుసుకోండి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలు. సభ్యుల్లో సగమైనా మహిళలు. బయటి సంస్థ నుంచి ఒకరు. విద్యార్థులకు సంబంధించిన కేసైతే ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు, వాళ్లను ఎన్నుకోవాలి. వీసీ, రిజిస్ట్రార్, డీన్లు, హెచ్‌ఓడీలు ఇందులో ఉండకూడదు. నోటీసు బోర్డు మీద హెచ్‌ఓడీ పేరు కనబడితే ఆ కమిటీ కూర్పులోనే లోపం ఉందన్నమాట. దాన్నీ అర్జీలో రాయవచ్చు. ఫిర్యాదు కాపీ అందిన పది రోజుల్లో అవతలి వ్యక్తి జవాబు ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో పూర్తికావాలి. మీ గైడు మీదే ఫిర్యాదైతే? విచారణ నడుస్తున్నంత కాలం ఆయన మీ పనిని, మీ పరీక్షలను మూల్యాంకనం చేయకుండా ఆపమని కోరవచ్చు. ఇది నిబంధనల్లోనే ఉంది, కానీ అడగాలి, అడగనిదే రాదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదు, ఇదీ నిబంధనే.

రుజువుల దగ్గర ఒక మాట. స్క్రీన్‌షాట్‌ను కత్తిరించకండి. పైన నంబరు, పక్కన తేదీ, సమయం కనబడాలి. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ చేసి మీకే మెయిలు పంపుకోండి. కోపంతో చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా పాతది అమ్మకండి. రేపు కోర్టుకు వెళ్తే ఎలక్ట్రానిక్ రుజువుకు ధ్రువపత్రం జతచేయాలి, దానికి అసలు ఫోను మీ చేతిలో ఉంటే పని తేలిక. కమిటీకి ఇచ్చినంత మాత్రాన పోలీసు దారి మూసుకుపోదు. అత్యవసరానికి 112. ఏ ఊళ్లో జరిగినా దగ్గర్లోని స్టేషన్లో జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే. లాయరు కావాలంటే 15100. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

కుల వివక్షకు 2012 నాటి యూజీసీ నిబంధనల కింద సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఇది తిట్టులోనే కనబడదు. వైవాలో మార్కుల్లో, ల్యాబు బ్యాచీల విభజనలో, గైడు కేటాయింపులో కనబడుతుంది. అందుకే ఒక్క సంఘటన కాకుండా మీ బ్యాచీ పట్టిక మొత్తం కాపీ జతచేయండి. అట్రాసిటీ కిందికి వచ్చేదైతే 14566 అన్న జాతీయ హెల్ప్‌లైన్ ఉంది.

వైకల్యం ఉన్నవాళ్లకు: 40 శాతం, అంతకు మించితే పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనం, రాయలేనివాళ్లకు సహాయకుడు. సదరం సర్టిఫికెట్టు, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు పరీక్ష ఫీజు కట్టేటప్పుడే ఎగ్జామ్ బ్రాంచికి ఇవ్వండి. పరీక్ష రోజున హాలు దగ్గర అడిగితే ఇన్విజిలేటర్ ఏం చేయగలడు పాపం.

మనసు సంగతి. ఇది నవ్వుతూ దాటేసే విషయం కాదు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణించిన కేసులోనే 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ ఒకరైనా ఉండాలంది. కాబట్టి ఇక్కడ కౌన్సిలర్ ఎవరు, ఏ గది, ఏ వేళల్లో అని అడగడం మీ హక్కు. రాత్రి రెండింటికి గది తెరిచి ఉండదు, 14416 ఉంటుంది. టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. రూమ్మేటు మెస్సుకు రావడం మానేసి, వస్తువులు పంచిపెడుతూ, 'ఇక నా గోల ఉండదులే' లాంటి మాటలంటుంటే ఒంటరిగా వదలకండి. నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన వస్తుందన్నది అపోహ. వార్డెన్‌కు చెప్పండి. 'ఎవరికీ చెప్పనని మాటిచ్చాను' అన్నది అలాంటప్పుడు నిలబెట్టుకోవాల్సిన మాట కాదు. కేసవుతుందేమోనని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జంకకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

ఈమధ్య క్యాంపస్‌ల చుట్టూ తిరుగుతున్న ఒక బేరం చెబుతాను. 'నీ బ్యాంకు ఖాతా మూడు నెలలు ఇవ్వు, ఏటీఎం కార్డు, సిమ్ము కూడా, కమీషనిస్తాం.' దాన్నే మ్యూల్ అకౌంట్ అంటారు. ఎక్కడో ఎవరో పెద్దాయన్ని భయపెట్టి లాగిన డబ్బు మీ ఖాతాలో నాలుగు నిమిషాలు ఆగి వెళ్తుంది. ఆయన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే పోలీసులకు కనబడే మొదటి పేరు మీది. ఖాతా స్తంభిస్తుంది, ఇతర రాష్ట్రం నుంచి నోటీసు వస్తుంది. ఇందాక సీడింగ్ చెప్పాను చూడండి, స్కాలర్‌షిప్పు పడాల్సింది కూడా ఆ ఖాతాలోనే. 'నాకేం తెలియదు, ఫ్రెండుకిచ్చాను' అంటే కార్డు, పిన్ను ఎందుకిచ్చావని అడుగుతారు. మీరే మోసపోతే మాత్రం అదే 1930కి వెంటనే ఫోన్ చేయండి, యూటీఆర్ (లావాదేవీ) నంబరుతో. డబ్బు ఖాతాలు మారకముందు చేస్తేనే ఆపడానికి వీలు.

గంజాయి మీద ఒకటే. పీల్చినా నేరమే, ఆరు నెలల దాకా జైలు గానీ పదివేల దాకా జరిమానా గానీ. దగ్గరున్నది కిలో దాటితే సంగతి పూర్తిగా వేరు. కానీ అలవాటుపడినవాడు తనంతట తాను చికిత్సకు వెళ్తే విచారణ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ కూడా ఆ చట్టంలోనే ఉంది, 64ఏ. సలహాకు 14446.

లైబ్రరీ గురించి టూకీగా. 2025 జనవరి నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు 'ఒకే దేశం ఒకే చందా' కింద 30 మంది ప్రచురణకర్తల 13 వేలకు పైగా జర్నళ్లు వస్తున్నాయి. లైబ్రేరియన్ దగ్గర లాగిన్ అడగండి, డబ్బు కట్టి వ్యాసాలు కొనొద్దు. మీ అంశం మీద ఎవరైనా ముందే పనిచేశారేమో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉండే శోధగంగ సైటులో వెతకండి. ఓటు: హాస్టల్లో ఉన్నవాళ్లు సొంతూళ్లో గానీ ఇక్కడ గానీ ఒక్కచోటే నమోదు కావాలి. ఇక్కడైతే ఫారం 6తో బోనఫైడ్ జతచేయండి.

ఒక చీటీ వచ్చింది. 'ఐసీసీలో ఫిర్యాదు చేస్తే ఇంట్లో తెలుస్తుందా?' మంచి ప్రశ్న. ఫిర్యాదు చేసినవారి పేరు, విచారణ వివరాలు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది. మీరు మేజర్లు. ఇంటికి ఉత్తరం రాయాల్సిన పని కమిటీకి లేదు. అయినా భయముంటే ఫిర్యాదులోనే ఒక వాక్యం రాయండి: 'ఈ విషయమై నాతో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఈ ఈమెయిలుకు మాత్రమే జరపగలరు.' అడ్మిషన్ ఫారంలో మీ నాన్నగారి నంబరు మీ నంబరుగా ఇచ్చి ఉంటే, అది ఈ వారమే మార్పించుకోండి. అకడమిక్ సెక్షన్, రెండో అంతస్తు. అర్జీ రెండు కాపీలు.